కొత్త నేరం రాసేముందు దాని ఖర్చు లెక్కగట్టండి

కర్ణాటక రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి, బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి.

విధుల్లో ఉన్న పోలీసు మీద చెయ్యి పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకే కోరిక నాలుగు దిక్కులా వినిపిస్తుంది: ఇప్పుడున్న చట్టం చాలదు, ప్రత్యేకంగా ఒక నేరాన్ని చేర్చాలి, జైలు కాలం పెంచాలి, బెయిలు దొరక్కుండా చూడాలి. ఆ కోరిక వెనక ఉన్న ఆవేదన నిజమైనది. ఆపమని చెయ్యెత్తిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను కారు బానెట్ మీద ఈడ్చుకుపోయిన దృశ్యం చూసి రక్తం మరగని మనిషి ఉండడు. అయితే ఆ వేడిలో రాసిన చట్టం ఆ కానిస్టేబుల్‌ను కాపాడుతుందా, కాపాడకపోతే దాని భారం ఎవరి మీద పడుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. అలాంటి బిల్లుకు అడ్డం చెబితే పోలీసుల శత్రువన్న ముద్ర పడుతుంది కాబట్టి చట్టసభలో ఏ పార్టీ నోరు మెదపదు. అందుకే బయట ఉన్న పౌరులు చెప్పాలి. ఈ ఊళ్లో బతుకుతున్న వేలాది తెలుగువాళ్లలో ఒకరిగా నేను చెప్పదలచింది ఒక్కటే. పోలీసుకు హాని చేసేవాణ్ని శిక్షించడానికి సరిపడా చట్టాలు మన దగ్గర ఉన్నాయి. వాటిపై చేర్చే ప్రతి కొత్త నేరానికీ ఖర్చు ఉంది. ఆ ఖర్చును పేదలు, కోర్టులు, చివరికి కానిస్టేబులే మోస్తున్నారు. బదులుగా రావలసిన భద్రత మాత్రం రావడం లేదు.

ముందు ఉన్నదేమిటో చూద్దాం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం సాటి మనిషిని కావాలని గాయపరిస్తే గరిష్ఠంగా ఏడాది జైలు. అదే గాయం విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగికి చేస్తే 121వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా పడుతుంది. తీవ్ర గాయమైతే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు. గాయం లేకపోయినా విధులకు అడ్డుపడాలని బలప్రయోగం చేస్తే 132వ సెక్షన్ కింద రెండేళ్లు. వట్టి ఆటంకానికి 221, బెదిరింపుకు 224, అల్లర్లను అణచే అధికారిపై దాడికి 195 ఉన్నాయి. ప్రాణం తీసే ఉద్దేశంతో కారు మీదికి తోలితే హత్యాయత్నం కింద 109వ సెక్షన్ పనిచేస్తుంది, బాధితుడు గాయపడితే యావజ్జీవం దాకా పడవచ్చు. ఖాకీ మీద దాడిని మామూలు దాడికన్నా పెద్ద తప్పుగా చూడాలన్న సూత్రం కొత్తది కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోనే 186, 332, 333, 353 సెక్షన్లుగా అది చోటు చేసుకుంది. కాబట్టి ‘పోలీసుకు ప్రత్యేక రక్షణ లేదు’ అన్న మాటతో మొదలయ్యే ఏ బిల్లయినా అసత్యంతో మొదలైనట్టే.

ఆ రక్షణను మనం పదే పదే పెంచుకుంటూ కూడా వచ్చాం. 2005లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన సవరణతో 332, 353 సెక్షన్లు నాన్ బెయిలబుల్ అయ్యాయి. మహారాష్ట్ర 2018లో తన రాష్ట్రం మేరకు 353 కింద రెండేళ్ల శిక్షను ఐదేళ్లకు పెంచి, విచారణను సెషన్స్ కోర్టుకు అప్పగించింది. కొవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, బెంగళూరు పాదరాయనపురలో కొవిడ్ విధుల్లో ఉన్న సిబ్బంది మీద దాడి జరిగిన కొద్ది రోజులకే, అలాంటి దాడుల్ని శిక్షించే అంటువ్యాధుల ఆర్డినెన్స్‌ను కర్ణాటక తెచ్చింది. న్యాయ సంహిత వచ్చినప్పుడు పాత 332 కింద ఉన్న మూడేళ్లు ఐదేళ్లయ్యాయి. ఇన్ని మెట్లు ఎక్కాక కూడా అదే కోరిక అదే గొంతుతో వినిపిస్తోందంటే రెండిట్లో ఒకటి నిజమై ఉండాలి: శిక్ష ఇంకా చాలలేదు, లేదా శిక్ష పెంచడం ఈ జబ్బుకు మందు కాదు. మొదటిది నిజమని చూపే ఆధారం నాకెక్కడా కనబడలేదు.

రెండోది నిజమనడానికి మన దగ్గరే ఒక పెద్ద ప్రయోగం ఉంది. వైద్య సిబ్బందిపై దాడుల్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 2008లో ప్రత్యేక చట్టం చేసింది, కర్ణాటక 2009లో చేసింది, తరవాత దేశంలో ఎక్కువ రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. దాడులు ఆగలేదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఒక వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తరవాత సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళం ఈ విషయాన్ని లోతుగా పరిశీలించింది. 24 రాష్ట్రాల్లో ఇప్పటికే ఇలాంటి చట్టాలున్నాయనీ, న్యాయ సంహితతో కలిపి చూస్తే అవి సరిపోతాయనీ, ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదనీ తేల్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018లో పోలీసులతో సహా అత్యవసర సేవల సిబ్బందిపై దాడిని విడి నేరంగా మార్చి 12 నెలల గరిష్ఠ శిక్ష పెట్టారు. నాలుగేళ్లు తిరగకముందే, 2022లో, దాన్ని రెండేళ్లకు పెంచుకోవలసి వచ్చింది. తాగిన మైకంలోనో, గుంపు ఆవేశంలోనో, పట్టుబడతానన్న భయంలోనో చెయ్యెత్తేవాడు రెండేళ్లకూ ఐదేళ్లకూ తేడా బేరీజు వేసుకోడు. వాణ్ని ఆపేది ఏదైనా ఉంటే, దొరికిపోతానన్న నమ్మకం, దొరికితే కేసు త్వరగా తేలుతుందన్న నమ్మకం. కొత్త సెక్షన్ ఆ రెండిట్లో దేన్నీ ఇవ్వదు.

ఇక ఖర్చు సంగతి. అది ఎలా పుడుతుందో బెంగళూరు చరిత్రలోనే ఉంది. 2013 జూన్‌లో ఈ నగరానికి చెందిన దంపతులు ఒక ఆటో ప్రమాదం విషయంలో ట్రాఫిక్ పోలీసుస్టేషన్‌కు వెళ్లారు. అక్కడ తమతో దురుసుగా ప్రవర్తించారని ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో రాశారు. ప్రజలు ఫిర్యాదులు చెప్పుకోవడానికని పెట్టిన పేజీ అది. దానికి వాళ్ల మీద నమోదైన సెక్షన్లు 353, 506: అంటే ప్రభుత్వోద్యోగిపై బలప్రయోగం, నేరపూరిత బెదిరింపు. ఒక్క చెయ్యీ లేవలేదు, ఒక్క రాయీ పడలేదు. హైకోర్టు కేసు కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. చివరికి 2015 జనవరిలో సుప్రీంకోర్టు, ఫేస్‌బుక్‌లో రాసిన మాట బలప్రయోగమూ కాదు బెదిరింపూ కాదు అని చెప్పి ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేసింది. న్యాయం గెలిచిందని సంతోషించవచ్చు. కానీ ఆ గెలుపుకు ఏడాదిన్నర పట్టింది, దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది. ఢిల్లీ దాకా పోయే స్తోమత లేనివాళ్ల సంగతేమిటి? ఈ ఊళ్లో ఐటీ ఉద్యోగికి క్రిమినల్ కేసు పెండింగులో ఉండటమంటే అర్థం వేరే చెప్పక్కర్లేదు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో నడుస్తున్న కేసు పాస్‌పోర్టు నిరాకరణకు కారణం కావచ్చు. కొత్త కంపెనీ జరిపే పూర్వాపరాల విచారణలో అది బయటపడుతుంది. కోర్టు తీర్పు చెప్పేలోపే శిక్ష మొదలైపోతుంది.

ఐటీ ఉద్యోగికే ఇంత ఉంటే, అతను ఉండే అపార్ట్‌మెంట్లు కట్టిన మనిషికి ఎంత ఉంటుంది? అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి, రాయచూరు, కలబురగి వైపు నుంచి, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు, సెక్యూరిటీ గార్డులు, డెలివరీ కుర్రాళ్లు వర్తూరు, కాడుగోడి, మహదేవపుర వీధుల నిండా ఉన్నారు. చాలామందికి పోలీసు మాట్లాడే భాష రాదు, పోలీసుకు వాళ్ల భాష రాదు. బండి ఆపమన్న మాట అర్థం కాకపోవడం, తాళం లాక్కుంటుంటే గట్టిగా పట్టుకోవడం, భుజం మీద పడ్డ చేతిని విదిలించుకోవడం, ఇవన్నీ బలప్రయోగంగా కాగితం మీదికి ఎక్కగలవు. సెక్షన్ నాన్ బెయిలబుల్ కాబట్టి బెయిలు కోసం కోర్టుకు పోవాలి. బెయిలు మంజూరైనా జామీను ఇచ్చే స్థానికుడు దొరకాలి. సొంత ఊళ్లో ఎకరం పొలం ఉన్నా ఇక్కడ అతని తరపున నిలబడేవాడు ఉండడు. 2022 చివరి నాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. ప్రతి కొత్త నాన్ బెయిలబుల్ నేరం ఆ వరసను మరింత పొడిగిస్తుంది. వాళ్ల తిండి, కాపలా, కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు, అన్నీ ప్రజల సొమ్ముతోనే.

ఉన్న సెక్షన్లే గుంపు మీద ప్రయోగిస్తే ఏమవుతుందో తెలంగాణలోని లగచర్ల చూపించింది. 2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో, ఫార్మా పరిశ్రమల భూసేకరణపై అభిప్రాయాలు తెలుసుకోవడానికి వెళ్లిన కలెక్టరు, అధికారుల మీద దాడి జరిగింది. అది తప్పే, దానికి బాధ్యులు శిక్ష అనుభవించవలసిందే. కానీ ఒకే ఘటనకు ఒకటికి మించి ఎఫ్‌ఐఆర్‌లు పెడితే హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. హత్యాయత్నం సహా తీవ్రమైన సెక్షన్ల కింద అరెస్టయిన రైతులు నెల దాటి జైల్లో ఉన్నాక డిసెంబరులో బెయిలు పొందారు. ఈలోగా అనారోగ్యంతో ఉన్న ఒక రైతును బేడీలతో ఆసుపత్రికి తీసుకెళ్లిన దృశ్యం బయటికి వచ్చి ముఖ్యమంత్రే విచారణకు ఆదేశించవలసి వచ్చింది. ఇక్కడ చట్టం బలహీనంగా ఉండటం వల్ల వచ్చిన కష్టం ఒక్కటీ లేదు. వచ్చినవన్నీ దాన్ని మితిమీరి వాడటం వల్ల వచ్చినవే. ఎవరు రాయి విసిరారు, ఎవరు పక్కన నిలబడ్డారు అని తేల్చే ఓపికైన దర్యాప్తు లోపించినప్పుడు ఎంత పెద్ద సెక్షన్ ఉంటే అంత ఎక్కువమంది అమాయకులు అందులో చిక్కుకుంటారు.

మంత్రి గారూ, ఈ ఖర్చులో ఎవరూ లెక్కపెట్టని భాగం మీ సిబ్బంది మీదే పడుతుంది. ఇలాంటి కేసుల్లో ఫిర్యాదుదారు పోలీసు, ముఖ్య సాక్షి పోలీసు, దర్యాప్తు చేసేది తరచూ అదే స్టేషన్. ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేసినా ఆ కారణం ఒక్కటే కేసును చెల్లకుండా చెయ్యదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చట్టం అడ్డుకోకపోవచ్చు, కానీ వినే జనం మనసులో అనుమానం పుట్టకుండా ఆగదు. దానికి తోడు రెండు వైపులా తూకం సరిగా లేదు. పోలీసు కొట్టాడని పౌరుడు కేసు పెట్టాలంటే, ఆ పని విధులకు సంబంధించిందని చెప్పగలిగినంత వరకూ, కర్ణాటక పోలీసు చట్టం 170వ సెక్షన్ కిందా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద కూడా ప్రభుత్వ అనుమతి కావాలని 2020లో బెంగళూరుకు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుడు తోశాడని పోలీసు అంటే ఎఫ్‌ఐఆర్ చాలు. ఈ అసమానత మీద ఇంకో నేరం పేరిస్తే పౌరుడికి పోలీసు దగ్గరికి వెళ్లడమే ప్రమాదమనిపిస్తుంది. ఆ భయం మీకు చాలా ఖరీదైనది. 2024 మార్చి 1న మన బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కఫేలో బాంబు పేలింది. తరవాతి రోజుల్లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) నిందితుడి ఫొటోలు ప్రకటించి, సమాచారం ఇచ్చినవారికి 10 లక్షల రూపాయల బహుమతి ఇస్తామని ప్రజల్నే అడగవలసి వచ్చింది. దేశంలో లక్ష జనాభాకు సుమారు 150 మంది పోలీసులే ఉన్నారు. మిగిలిన 99 వేల పైచిలుకు మంది కళ్లూ చెవులూ తోడుంటేనే ఆ 150 మంది క్షేమంగా పని చెయ్యగలరు.

దీనికి ఎదురుగా వచ్చే వాదనలు నాకు తెలుసు, వాటిలో బరువు కూడా ఉంది. 2020 ఆగస్టు 11 రాత్రి బెంగళూరులోని డీజే హళ్లి, కేజీ హళ్లి పోలీసుస్టేషన్ల మీద గుంపు విరుచుకుపడింది, వాహనాలు తగలబెట్టింది, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ‘ఇలాంటివి చూశాక కూడా కొత్త చట్టం వద్దంటారా?’ అని అడుగుతారు. ఆ రాత్రి తరవాత ప్రభుత్వం చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని (ఉపా) వాడింది, కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. అంటే దేశంలో అన్నిటికన్నా కఠినమైన చట్టాల్లో ఒకటి అప్పటికే చేతిలో ఉంది. ఆ రాత్రి లేనిది చట్టం కాదు, ముందస్తు సమాచారం, సరిపడా బలగం. మరొకరు, ‘తప్పుడు కేసులైతే కోర్టులు కొట్టేస్తాయి, నిజాయితీపరుడికి భయమెందుకు’ అంటారు. పైన చెప్పిన దంపతుల అనుభవమే దానికి జవాబు. ఇంకొకరు, పోలీసుల మనోధైర్యం కోసం చట్టం ఒక సంకేతమంటారు. సంకేతం పంపడానికి ప్రభుత్వానికి వంద దారులున్నాయి. జైలు గదిని సంకేతంగా వాడితే అందులో కూర్చునేది సంకేతం కాదు, మనిషి. పైగా ఈ పద్ధతికి అంతు లేదు. 2023 నవంబరులో చిక్కమగళూరులో ఒక న్యాయవాదిని పోలీసులు కొట్టారన్న గొడవ తరవాత, డిసెంబరులో న్యాయవాదులపై హింసను నిషేధించే బిల్లును కర్ణాటక చట్టసభ ఆమోదించింది. వైద్యుడికొకటి, వకీలుకొకటి, పోలీసుకింకొకటి అంటూ పోతే, ఏ వృత్తి రక్షణా లేని కూలీయే చట్టం ముందు చివరివాడవుతాడు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కొత్త సాంకేతికత గురించి. అధికారి ఇంటి చిరునామా, పిల్లల బడి పేరు ఇంటర్నెట్‌లో పెట్టి ‘వెళ్లి చూసుకోండి’ అని ఉసిగొలిపేవాళ్లున్నారు. ఆ భయం అబద్ధం కాదు. నిజంగా ఖాళీ ఉన్న చోట చట్టం చెయ్యాలనే నేనూ అంటాను. కానీ హాని తలపెట్టి ఎవరి చిరునామా బయటపెట్టినా నేరమేనని అందరికీ వర్తించేలా రాయండి, విలేకరికి, సాక్షికి, విడాకులు కోరే స్త్రీకి కూడా ఆ రక్షణ కావాలి. అదే సాకుతో పోలీసు పనిని వీడియో తీయడమే నేరమయ్యేలా రాస్తే ఏమవుతుందో ఫ్రాన్స్ చూసింది. పోలీసుల గుర్తింపును హానికర ఉద్దేశంతో బయటపెట్టడాన్ని శిక్షించే నిబంధనకు 2020లో వీధుల్లో పెద్ద నిరసన లేచింది, 2021 మే 20న ఆ దేశ రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. అమెరికాలోని లూసియానా, పోలీసుకు 25 అడుగుల దూరంలోపు రావద్దన్నా వస్తే నేరమని 2024లో చట్టం చేస్తే, 2025 జనవరిలో ఫెడరల్ జడ్జి దాని అమలు నిలిపేశారు. కెమెరా నిజాయితీ గల పోలీసుకు సాక్షి. 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లోనూ శబ్దంతో సహా రికార్డు చేసే సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది.

మరి కానిస్టేబుల్‌ను ఏది కాపాడుతుంది? హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం చేసిన అధ్యయనంలో, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారనీ, 70 శాతానికి పైగా సిబ్బందికి నెలకు ఒక్క వారపు సెలవైనా దొరకడం లేదనీ తేలింది. పద్నాలుగు గంటలు పొగలో నిలబడ్డ మనిషి ఓపిక ఎంత మిగులుతుంది? మాటతో సర్దుకుపోయే గొడవలు చేతుల దాకా పోవడానికి ఆ అలసట పెద్ద కారణం. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులకు వారపు సెలవు ప్రకటించినప్పుడు ఏ శిక్షాస్మృతినీ మార్చవలసిన అవసరం రాలేదు. 2016 జూన్‌లో జీతాలు, సెలవుల కోసం సామూహిక సెలవు పెడతామన్న కర్ణాటక కానిస్టేబుళ్ల సంగతి మీ శాఖకు తెలియనిది కాదు. అప్పుడు వాళ్ల నాయకుడి మీదే రాజద్రోహం కేసు పడింది. కఠిన చట్టం ఒకసారి పుస్తకంలోకి ఎక్కాక ఎవరి మీద వాలుతుందో దాన్ని రాసినవాళ్ల చేతిలో ఉండదు. కానిస్టేబులూ దానికి మినహాయింపు కాదు.

అందుకే నా విన్నపాలు ఇవి. పోలీసులకు ప్రమాదం కలిగించే పనులపై కొత్త నేరాన్ని ప్రతిపాదించే ఏ బిల్లుతోనైనా ఒక వ్యయ వివరణ సభ ముందు పెట్టండి. ఉన్న సెక్షన్లలో ఏది ఏ కేసులో చాలలేదు, ఏటా ఎన్ని కొత్త కేసులు వస్తాయి, ఎన్ని కోర్టు రోజులు, ఎన్ని జైలు రోజులు, ఎంతమంది పోలీసుల సాక్ష్యపు హాజర్లు పడతాయి అన్నది అందులో ఉండాలి. ఐదేళ్లు గడిచాక సభ మళ్లీ ఆమోదిస్తే తప్ప ఆ నేరం దానంతట అదే రద్దయ్యేలా రాయండి. ఇప్పుడున్న 121, 132 సెక్షన్ల కింద స్టేషన్ వారీగా ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నిట్లో శిక్ష పడింది, ఎన్నిటిని కోర్టులు కొట్టేశాయి అన్నది ఏటా ప్రకటించండి. ఆ కేసుల దర్యాప్తును వేరే స్టేషన్ అధికారికి అప్పగించండి. విధుల్లో ఉన్నవాళ్లకు బాడీ కెమెరాలిచ్చి, కెమెరా ఆపి ఉంటే కారణం రాతపూర్వకంగా నమోదు చెయ్యాలని నియమం పెట్టండి. ఖాళీలు నింపి, ఎనిమిది గంటల షిఫ్టును వైట్‌ఫీల్డ్ డివిజన్‌లోనే మొదలుపెట్టి చూపండి. 2023లో జన విశ్వాస్ చట్టంతో పార్లమెంటు 42 చట్టాల్లోని 183 నిబంధనల్లో శిక్షల్ని సడలించింది, వ్యాపారం చేసేవాళ్లను చిన్న తప్పులకు జైలుకు పంపడం దండగని ఒప్పుకుంది. ఆ వివేకం వీధిలో నడిచే మనిషికీ వర్తించాలి.

ఇవన్నీ చేశాక కూడా చట్టంలో ఫలానా ఖాళీ మిగిలిందని మీరు లెక్కలతో చూపించగలిగితే, దాన్ని పూడ్చే బిల్లును నేనూ సమర్థిస్తాను. ఆ లెక్క చూపేదాకా పుస్తకంలో కొత్త నేరం చేర్చకండి. ఆ డబ్బు, ఆ సభా సమయం, ఆ పట్టుదల కానిస్టేబుల్ డ్యూటీ చార్టు మీద పెట్టండి.

ఇట్లు,
వైట్‌ఫీల్డ్ నివాసి, ఒక తెలుగు పౌరుడు